తుంగభద్ర ఎడమ కాలువ వెంట, క్యాంపుల మీదుగా

కర్ణాటకలో గంగావతి దాటి కారటగి రోడ్డెక్కితే అటూ ఇటూ వరి మడులే. శ్రీరామనగర్‌లో బస్సు దిగాను. బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి, టీ కొట్టు దగ్గర మాటలు మాత్రం గోదావరి యాసలో. ‘ఏ ఊరండి మీది?’ అని పలకరించిన పెద్దాయనే నన్ను తన పొలానికి తీసుకెళ్లారు.

1953లో తుంగభద్ర నీళ్లు వదిలేనాటికి ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేది. అంతా నల్లరేగడి మెట్ట. జొన్న, పత్తి పండించే ఇక్కడి రైతులకు భూమికి కొదవలేదు, దాన్ని చదును చేసి నీళ్లు పారించే పెట్టుబడే లేదు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు అక్కడ కొద్దిపాటి మాగాణి అమ్ముకుని ఇక్కడ దానికి ఎన్నో రెట్లు కొన్నారు. పొలాల దగ్గరే పాకలు వేసుకున్నారు. ఆ పాకలే ఇప్పటి క్యాంపులు.

పక్కపక్కనే ఉన్న రెండు మడులు చూపించారాయన. మధ్య గట్టు మోకాలెత్తు ఉంది. ‘ఈ ఎత్తు సరిచేయడానికి మా నాన్నకి రెండు వేసవులు పట్టిందండి. ఎడ్లతో మట్టి లాగడమే. వానాకాలం బండి ఇరుసుదాకా దిగిపోయేది. నొప్పులొస్తే మా అమ్మని మంచం మీద మోసుకెళ్లారు’ అన్నారు. ఆ గట్టు మీద కాసేపు నిలబడిపోయాను. చరిత్ర పుస్తకాల్లో ఈ కష్టానికి ఒక్క పేజీ అయినా దక్కాలి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఊరంతా టెన్షన్‌తో జాగారం చేసిందట. వారంలో ఆ గేటు స్థానంలో స్టాప్‌లాగ్‌లు (తాత్కాలిక అడ్డు పలకలు) దించి నీళ్లు ఆపారు. అసలే పూడిక వల్ల 133 టీఎంసీల జలాశయం 105కి పడిపోయింది. నీళ్లు పోతే దాళ్వా (రెండో పంట) మాట అటుంచి సార్వాకే (తొలి పంటకే) దిక్కుండదు.

అక్కడి నుంచి సింధనూరు మీదుగా మాన్వి వెళ్లాను. కాలువ చివరి భూములు చూడకపోతే ఈ కథ సగమే అనిపించింది. 227 కిలోమీటర్ల ఎడమ కాలువ కింద ఎక్కువగా ఆరుతడి పంటలే వేయాలనీ, వరి కొంతమేరకే ఉండాలనీ మొదటి ప్రణాళిక. పైన వరి పెరిగేకొద్దీ చివరికి చేరే నీళ్లు తగ్గాయి. మాన్వి, రాయచూరు వైపు రైతులు దశాబ్దాలుగా దీని మీద ఆందోళనలు చేస్తూనే ఉన్నారు. ‘కాలువ మా ఊరిదాకా తవ్వారు, నీళ్లే రావు’ అన్నాడొక రైతు. క్యాంపుల వాళ్ల చెమట ఎంత నిజమో ఇతని ఫిర్యాదూ అంతే నిజం. పైనున్న మన రైతులు కొంత భూమిలోనైనా వరి మానితే, ఆ నీళ్లు ఇతని చేలో కందికీ పత్తికీ అందుతాయి.