చంద్రుడి మీద నీళ్లున్నయట, ఫ్లోరైడ్ ఎంతుందో?

చంద్రుడి మీద నీటి జాడ దొరికిందని పేపర్లో వార్త పడ్డప్పుడల్లా దేశమంతా చప్పట్లు కొడుతుంది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేసిన నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు మాత్రం రావాల్సిన మొదటి ప్రశ్న వేరే: "గా నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నదట?"

నవ్వులాటకు అడిగినా ప్రశ్నలో పస ఉంది. అపోలో యాత్రల్లో తెచ్చిన చంద్రశిలల్లో అపటైట్ అనే ఖనిజం దొరికింది, అందులో ఫ్లోరిన్ దండిగా ఉంటుంది. మన నల్లగొండ గ్రానైట్‌లో కూడా అపటైట్, బయోటైట్, ఫ్లోరైట్ ఉన్నాయి. రాయిలో ఉన్నంత మాత్రాన నీళ్లలోకి రాదు. నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువై, కాల్షియం తక్కువై, ఆ నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే అప్పుడు కరిగి వస్తుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైడును పట్టి కూర్చోబెడుతుంది, లేకుంటే విడిచిపెడుతుంది. అందుకే "సబ్బు మంచిగ నురగొస్తున్నది, పప్పు జల్ది ఉడుకుతున్నది, ఇవి తియ్యటి నీళ్లు" అనే లెక్క మన దగ్గర పనికిరాదు. కాల్షియం తక్కువున్న ఆ మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఇక అసలు ముచ్చట టీడీఎస్ మీటరుది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న మొత్తం పదార్థాల లెక్క. పెన్నులా జేబులో పెట్టుకుని తిరిగే ఆ పరికరం ఇప్పుడు డాక్టరు స్టెతస్కోపు కంటే ఎక్కువ గౌరవం సంపాదించింది. క్యాన్ నీళ్ల ప్లాంటాయన "అక్కా, మన నీళ్లు నలభై ఐదే" అంటాడు, ఫిల్టర్లు అమ్మే పిల్లగాడు "మీ నల్లా మూడు వందల ఇరవై, ఇగ మీ ఇష్టం" అని భయపెడతాడు. ఇద్దరూ ఏ పదార్థం ఎంతుందో చెప్పరు. ఎందుకంటే మీటరుకే తెలియదు. అది కొలిచేది నీళ్లు కరెంటును ఎంత పోనిస్తాయి అన్నది ఒక్కటే. ఆ విలువను దాదాపు సగం చేసి మిల్లీగ్రాములని చూపిస్తుంది. కరెంటు మోసే లవణమైతే పట్టుకుంటుంది, మోయనిది గ్లాసు నిండా ఉన్నా పట్టుకోదు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యండి. గ్లాసు నీళ్లలో మీటరు పెట్టి అంకె రాసుకోండి. రెండు చెంచాల చక్కెర వేసి కరిగేదాకా కలిపి మళ్లీ పెట్టండి. అంకె పెద్దగా కదలదు. షర్బత్ తయారైనా మీటరుకు సోయి లేదు. ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పు వేస్తే వెయ్యి దాటి ఎగురుతుంది.

ఫ్లోరైడ్ విషయంలో ఇదెంత గుడ్డిదో అంకెల్లోనే చూడొచ్చు. లీటరులో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సోడియంతో కలిసి ఉంటే మీటరు మీద పెరిగేది ఎనిమిదో పదో. మామూలు మీటరు తనంతట తానే రెండు శాతం అటూ ఇటూ చూపిస్తుంది, అంటే 800 దగ్గర పదహారు. ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి దారి లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు. దానికి మూడింతలున్న విషయం కూడా మీటరు తప్పొప్పుల కిందనే దాక్కుంటుంది. బాక్టీరియా సంగతి సరేసరి, మురికి కాలువ నీళ్లు కూడా నాలుగు వందలు చూపించి మంచివాళ్లలా నిలబడగలవు.

మీటరుతో పని కాకపోతే రెండో అస్త్రం బయటికొస్తుంది. ప్లగ్గుకు పెట్టే చిన్న పెట్టె, దాని కింద ఇనుప కడ్డీలు, అల్యూమినియం కడ్డీలు. మీ నల్లా నీళ్లలో ముంచి స్విచ్ వేస్తే అరనిమిషంలో గ్లాసు గోధుమ, ఆకుపచ్చ, నల్ల రంగుల బురదగా మారుతుంది. వాళ్ల ఫిల్టర్ నీళ్లు మాత్రం తేటగా అట్లనే ఉంటాయి. "చూడున్రి మేడం, ఇన్ని రోజులు మీరు తాగింది ఇదే" అంటాడు. ఇంట్లో అత్తగారికి అప్పుడే కడుపులో తిప్పడం మొదలవుతుంది.

బురద నీళ్లలోది కాదు, కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరిగి ఇనుప హైడ్రాక్సైడ్‌గా, అంటే తుప్పుగా తేలుతుంది. ఫిల్టర్ నీళ్లలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఆ తేట గ్లాసులో మీ చేత్తో చిటికెడు ఉప్పు వేసి "ఇప్పుడు పెట్టు తమ్మీ" అనండి. అదే బురద, ఇంకా చిక్కగా. ఒక్క జాగ్రత్త: పెట్టె నడుస్తుండగా గ్లాసులో వేలు పెట్టొద్దు, ఇంటి కరెంటే అది.

ఇదంతా చెప్పి ఆర్వో, అంటే సన్నటి పొర గుండా నీళ్లను నెట్టి వడకట్టే మిషను, దండగ అంటున్నానని అనుకోవద్దు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఇంట్లో ఆర్వో పనిచేస్తుంది, పొర బాగున్నంత కాలం పదింట తొమ్మిది పాళ్లు ఆపుతుంది. యూవీ దీపం గానీ, కార్బన్ గానీ, క్యాండిల్ ఫిల్టరు గానీ ఫ్లోరైడును ముట్టుకోవు. ఆర్వో పెట్టాక జరిగే తప్పులే అసలు సమస్య, అందులో పెద్దది టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర.

కథ ఇట్లా నడుస్తుంది. "నీళ్లు సప్పగున్నయి" అని ఫోన్ చేస్తారు. మెకానిక్ వచ్చి ఆ మరను కాస్త తిప్పుతాడు. నీళ్లకు రుచి వస్తుంది, "మినరల్స్ కలిపిన" అంటాడు. అతడు కలిపింది మినరల్స్ కాదు, పొర దాటని పచ్చి బోరు నీళ్లు. లెక్క చూడండి. బోరు నీళ్ల టీడీఎస్ 1200, ఫ్లోరైడ్ 4 అనుకుందాం. పొర దాటాక టీడీఎస్ 60, ఫ్లోరైడ్ 0.3. మర తిప్పి టీడీఎస్‌ను 200కు తెస్తే పచ్చి నీళ్లు పన్నెండు శాతం కలిసినట్టు, ఫ్లోరైడ్ 0.75 దాకా వస్తుంది, ఫర్వాలేదు. రుచి కోసం 400కు తెస్తే ముప్ఫై శాతం కలిసినట్టు, ఫ్లోరైడ్ 1.4. వేలకు వేలు పెట్టి కొన్న మిషను తీసేసిన దాన్ని మళ్లీ గ్లాసులోకి పోసినట్టే. ఫ్లోరైడ్ ఉన్న బోరు మీద ఆ మరను పూర్తిగా మూసి ఉంచడమే మంచిది. కాల్షియం కావాలంటే పాలు, పెరుగు, రాగులు ఉన్నాయి.

రెండో తప్పు వృథా నీళ్ల పైపును నొక్కి కట్టడం. ఇంటి మిషను ఒక లీటరు మంచి నీళ్లకు సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. పాపం నీళ్లు పోతున్నాయని ఆ పైపుకు క్లిప్పు పెడితే లవణాలు పొర మీదే గడ్డకడతాయి, ఏళ్లు రావాల్సిన పొర నెలల్లో మూసుకుపోతుంది. ఆ వృథా నీళ్లలో ఫ్లోరైడ్ పచ్చి నీళ్ల కంటే ఎక్కువుంటుంది, పై లెక్కలోనే అయితే 5 దాటుతుంది. బండలు కడగండి, బాత్రూంలో పొయ్యండి, బర్రెల తొట్టిలో మాత్రం పొయ్యొద్దు, వాటికీ పళ్లు, ఎముకలు ఉన్నాయి. బోరు పక్కన ఇంకుడు గుంతలోకి వదిలే ప్లాంట్లయితే వదిలింది మళ్లీ తోడి మళ్లీ అమ్ముతున్నట్టు.

ఇంకోటి, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. తాగడానికి క్యాన్ నీళ్లు, వండడానికి బోరు నీళ్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అన్నం, పప్పు, చారు, చాయ్ అన్నీ బోరు నీళ్లతోనే. బియ్యం పీల్చుకున్న నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది. మంచి నీళ్లు తక్కువుంటే ముందు వంటకు, చంటిపిల్లల పాలకు కేటాయించండి. ఎనామెల్ తయారయ్యే చిన్న వయసులో పడ్డ పళ్ల మచ్చ మళ్లీ పోదు.

మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చే ఇంటికి ఆర్వో అమ్మడం వేరే రకం కళ. నల్లగొండ వైపు నాగార్జునసాగర్ నీళ్లు, పాలమూరు వైపు శ్రీశైలం నీళ్లు. రెండూ కృష్ణే, బోరు ఫ్లోరైడ్ గోల లేదు. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వో మిషన్లను నిషేధించేలా నోటిఫికేషన్ ఇవ్వాలని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా. నల్లా నీళ్లకు క్లోరిన్ వాసన ఉంటే మూత తీసిన బిందెలో అరగంట ఉంచితే తగ్గుతుంది. పైపు పగిలో, సరఫరా ఆగో ఊరి ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించిన రోజుల్లోనే ఫ్లోరైడ్ గురించి ఆలోచించాలి.

వాట్సాప్ వైద్యానికి వద్దాం. మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందట. పోదు, పెరుగుతుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. నాలుగు లీటర్లు మరిగి మూడైతే 4 ఉన్నది 5.3 అవుతుంది. రాగి చెంబు ఫ్లోరైడును ఏమీ చేయదు. ఆల్కలైన్ వాటర్ గురించి చెప్పాలంటే, కడుపులో ఆమ్లం పీహెచ్ రెండు దగ్గర కాచుకుని ఉంటుంది, లోపలికి పోయిన మరుక్షణం ఆ ఖరీదైన క్షారత్వం ఖతం. చింతపండు ఫార్వర్డులో మాత్రం గింజంత నిజం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడి పిల్లలకు చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగింది. అది ఫోన్లు మారుతూ మారుతూ "చింతపండు తింటే వంగిన కాళ్లు సాఫైతయి" అయింది. వంగిన ఎముక పులుసుతో సాఫు కాదు. పులుసు తాగండి, కాకపోతే మంచి నీళ్లతో వండుకుని.

ఇన్ని పరికరాల మధ్య మన ఊరి పేరు పెట్టుకున్న పద్ధతి ఒకటుందని ఎంతమందికి తెలుసు? నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన నల్లగొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియాలో కూడా ప్రయత్నించారు. అక్కడి నీళ్ల ఇంజనీరుకు నల్లగొండ తెలుసు, మన కొరియర్ ఆప్‌కు మాత్రం ఇంకా ల్యాండ్‌మార్క్ చెప్పాలి.

కావాల్సినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, 40 లీటర్ల బకెట్. బకెట్‌కు కుళాయి అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉండాలి. ముందు సున్నం, చిటికెడు బ్లీచింగ్ వేసి కలపాలి, తర్వాత నీళ్లలో కరిగించిన పటిక. ఒక నిమిషం గట్టిగా, ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పాలి. మెల్లగా తిప్పితేనే పటిక తెల్లటి కుచ్చులుగా పేరుకుని ఫ్లోరైడును పట్టుకుంటుంది, జోరుగా తిప్పితే కుచ్చులు చితికిపోతాయి. గంట, వీలైతే రెండు గంటలు కదపకుండా ఉంచి పై నీళ్లు పట్టుకోవాలి. ఫ్లోరైడ్ 3, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 300 ఉన్న నీళ్లకు లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాముల పటిక, అంటే బకెట్‌కు 14 గ్రాములు. సున్నం అందులో ఇరవయ్యో వంతు.

ఎక్కడ చెడుతుందంటే ఆ మోతాదు దగ్గరే. బోరు మారినా, కాలం మారినా క్షారత మారుతుంది, దాంతో పటిక లెక్కా మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, దాని గరిష్ఠ పరిమితి 0.2 మిల్లీగ్రాములే. "ఎందుకైనా మంచిది" అని ఇంకో గడ్డ వేసే మన చేతివాటం ఇక్కడ పనికిరాదు. అడుగున మిగిలిన బురద నిండా ఫ్లోరైడే, బావికి దూరంగా గుంత తీసి పొయ్యాలి. రోజూ ఈ పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు ఏ శాస్త్రవేత్త దగ్గరా జవాబు లేదు, అందుకే చివరికి కృష్ణా నీళ్ల పైపే గెలిచింది.

ఏ పద్ధతి వాడినా ముందు ఫ్లోరైడ్ అంకె తెలియాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేస్తారు, ఊళ్లలో ఫీల్డ్ కిట్లు కూడా ఉంటాయి. బోరు ఐదు నిమిషాలు పోనిచ్చి, ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుకు అంటుకునే రకం. ఏ బోరు, ఎన్ని అడుగులు, ఏ తారీఖు అని సీసా మీద రాయండి. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది. పటిక వేసిన నీళ్లయితే ఆ మాట ల్యాబు వాళ్లకు చెప్పండి. రంగుతో కొలిచే స్పాడ్న్స్ పరీక్షలో అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్ ఉన్నదానికంటే తక్కువ కనబడుతుంది. వాళ్లు ఎలక్ట్రోడుతో చూస్తారు, లేదా ముందు నీళ్లను డిస్టిలేషన్ చేసి అప్పుడు కొలుస్తారు.

కొత్తగా ఏఐ వాటర్ టెస్టింగ్ వార్తలు కూడా మొదలయ్యాయి. ఫోన్ కెమెరాతో రంగు చదివి ఫ్లోరైడ్ చెప్పడం సాధ్యమే, అయితే రంగు పుట్టించే రసాయనం ముందు గ్లాసులో పడాలి, వెలుతురు కూడా ఒకే తీరుగా ఉండాలి. పసుపు బల్బు కింద ఒక అంకె, ట్యూబ్‌లైట్ కింద ఇంకో అంకె చెబితే దాన్ని తెలివి అనలేం. ఎవరైనా స్మార్ట్ పరికరం తెచ్చి గ్లాసు పక్కన పెట్టగానే ఫ్లోరైడ్ చెబుతుందంటే రెండే అడగండి: లోపల ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉందా, లేక రసాయనం కలపాలా? రెండూ లేవంటే చక్కెర గ్లాసు తెచ్చి ముందు పెట్టండి.