టీసీలో పుట్టుమచ్చ

"అమ్మా, రిజిస్టర్‌లో నీ సంతకం కావాలట" అన్నాడు వాడు. సంతకం పెట్టి, వాడి స్కూల్ టీసీ చేతికి తీసుకున్నాను.

చదువుతూ పుట్టుమచ్చల దగ్గర ఆగిపోయాను. కుడి మోచేతి కింద ఒకటి. ఒకటో తరగతిలో చేర్చిన రోజు వాడి చొక్కా చెయ్యి మడిచి నేనే చూపించాను. అప్పుడది ఆవగింజంత. ఇప్పుడెంతుందో చూద్దామని చెయ్యి పట్టుకుంటే, "అమ్మా, అందరూ చూస్తున్నారు" అని లాక్కున్నాడు.

పదో తరగతి అయిపోయింది. 600కి ఎన్నొచ్చాయని చుట్టాలందరి ఫోన్లూ అయ్యాయి. బాగానే వచ్చాయి, చాలా సంతోషం. అయినా పొద్దుట్నుంచీ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది.

వచ్చేటప్పుడు ఆర్కే బీచ్‌లో బండి ఆపమన్నాడు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా నిలబడి ముంత మసాలా తిన్నాం. చిన్నప్పుడు దాని లోపల ఆ ఇరుకు దారిలో నడుస్తున్నంతసేపూ నా కొంగు వదల్లేదు. ఇవాళ రోడ్డు దాటేటప్పుడు, బండ్లు జోరుగా వస్తుంటే, తనే నా చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్లాడు. ఏమీ అనలేదు నేను.

ఇంకొన్నాళ్లలో ఇంటర్, హాస్టల్.

చివరి పరీక్ష రోజు స్నేహితులంతా స్కెచ్ పెన్నులతో సంతకాలు చేసిన తెల్లచొక్కా ఇంకా తలుపు వెనకే వేలాడుతోంది. ఉతకొద్దన్నాడు. ఉతకను నాన్నా.