డాండిలయన్ చుట్టాలు మన చేను గట్ల మీద

పిల్లల సైన్సు వీడియోల్లో ఊదగానే గింజలు ఎగిరిపోయే డాండిలయన్ మన అనంతపురం ఎండకు తట్టుకునే మొక్క కాదు, అది చలి ప్రాంతాలది, మన దేశంలో చూడాలంటే హిమాలయాల వైపు పోవాలి. దాని చుట్టాలు మాత్రం ఇక్కడ కావలసినన్ని. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి, దెబ్బ తగిలితే నలిపి రసం పిండుకునే గడ్డిచామంతి, ఆఖరికి వయ్యారిభామ అనే కలుపు మొక్క (పార్థీనియం) కూడా అదే కుటుంబం.

ఈ కుటుంబంలో మనం పువ్వు అనుకునేది ఒక్క పువ్వు కాదు, పూల గుంపు. గడ్డిచామంతి ఒకటి తెంపి గోటితో చీల్చి చూడండి. చుట్టూ నాలుగైదు తెల్ల రేకులు, కొసన మూడు నొక్కులు, ఒక్కో రేకూ ఒక ఆడపువ్వు. మధ్యలో పసుప్పచ్చగా ఉన్నవి సన్నని గొట్టాల పూలు, వాటిలో పుప్పొడీ ఉంటుంది, అండాశయమూ ఉంటుంది. గింజ నెత్తిన కుచ్చు, అందులో ఒక్కో వెంట్రుకకూ ఈకకు ఉన్నట్టు పక్కలకు నూగు. ఎంత బాగుంటుందో!

డాండిలయన్‌లో గొట్టాల పూలుండవు, అన్నీ రేకుల పూలే. దాని గింజ గాల్లో తేలేటప్పుడు కుచ్చుకు కాస్త పైన గుండ్రటి గాలి సుడి ఏర్పడి అక్కడే నిలబడుతుందని, అందుకే అది అంత నిదానంగా దిగుతుందని 2018లో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్లు చూపించారు. ఇంకో వింత, చాలా డాండిలయన్లకు పుప్పొడితో పనే లేదు, ఫలదీకరణ జరక్కుండానే గింజ కడతాయి.

వయ్యారిభామ దీనికి పూర్తిగా ఎదురు. అంచున ఐదు ఆడపూలు, గింజ కట్టేవి అవే. మధ్యలోవన్నీ పుప్పొడి కోసమే, మనకు చేటు తెచ్చింది ఆ పుప్పొడే. 2000లో జిల్లాలో దాదాపు 2,25,000 హెక్టార్ల వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ తెగులు తగిలింది, నష్టం 300 కోట్ల రూపాయల పైమాటే. ఆ ఏడు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ తెగులు తెచ్చే టొబాకో స్ట్రీక్ వైరస్ సోకినా వయ్యారిభామ ఆకు మీద మచ్చ కూడా కనిపించదు, పచ్చగా పూస్తూనే ఉంటుంది, వైరస్ పుప్పొడిలో ఉంటుంది. పూలల్లో తిరిగిన తామరపురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని బుడ్డల (వేరుశనగ) చేనుకొస్తాయి, అవి ఆకు గీకి రసం పీల్చిన గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. ముందు లేత ఆకుల మీద మచ్చలు వస్తాయి, తర్వాత మొవ్వూ కాండమూ ఎండిపోతాయి.

కాబట్టి దీన్ని పూతకు రాకముందే పీకాలి, పూసి పుప్పొడి రాలాక పీకితే సగం పని చేసినట్టే. మన చేను ఒక్కటే శుభ్రం చేసుకుంటే చాలదు, పక్కనున్న బంజరు, రోడ్డు వార కూడా చూసుకోవాలి. చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ దట్టంగా కొన్ని సాళ్లు వేస్తే గాలికి కొట్టుకొచ్చే తామరపురుగులు చాలావరకు అక్కడే ఆగుతాయి. పీకేటప్పుడు గ్లౌజులు లేకపోతే కవరైనా చేతికి చుట్టుకోండి, అది తగిలితే చాలామందికి దద్దుర్లు వస్తాయి.