అరికాలికి ఎండతో పనిలేదు

"తెల్లోళ్ల జబ్బుకు మన బిడ్డ చాకిరీ చేయాల్నా?" అన్నాడు పెద్దనాయన. తిరుపతిలో, కొర్లగుంటలో మా ఇంట్లో, చుట్టాలందరూ ఉండగానే. "మన చిత్తూరు పక్క ఎవురికన్నా వచ్చిందా పాపా ఆ చర్మం క్యాన్సరు? ఈడ షుగరొచ్చి కాళ్లు తీయించుకుంటా ఉండారు. దానికేదన్నా మందు కనిపెట్టరాదా?" పక్కనే ఉన్న నాన్న కాదనలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

అమెరికాలో మా ల్యాబులో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. కంట్రోల్ (పోల్చి చూడటానికి పెట్టే నమూనా) ఎలా వచ్చింది, మళ్లీ చేస్తే అదే ఫలితం వచ్చిందా అని అడుగుతారు. ఎవరి జబ్బు, నీకేం లాభం అనరు. ఆ పద్ధతంటే నాకు గౌరవం. అయినా అమెరికాకు తిరిగొచ్చి పనిలో పడ్డాక కూడా పెద్దనాయన మాట నన్ను వదల్లేదు. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతాను.

గ్రోత్ హార్మోన్‌కూ చర్మం క్యాన్సర్‌కూ ఉన్న లింకే నా పని. ఈ హార్మోన్ పిట్యూటరీ గ్రంథిలో పుడుతుంది. కణం మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది. దానికి హార్మోన్ అతుక్కుంటే లోపల జాక్2 అనే ఎంజైమ్ పనిలోకి దిగుతుంది. అది స్టాట్5 అనే ప్రోటీన్‌ను కదిలిస్తే, స్టాట్5 కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను నడిపిస్తుంది. పిల్లలు పొడుగయ్యేది ఈ దారినే. ఇదే రిసెప్టర్ మెలనోమా కణాల మీద బాగా ఎక్కువ. మెలనోమా అంటే పెద్దనాయన అన్న ఆ చర్మం క్యాన్సరే. హార్మోన్ తగిలితే ఆ కణాలు కీమో మందును బయటికి నెట్టేసే పంపులను పెంచుకుంటాయి. సంపులో నీళ్లను మోటారు తోడేసినట్టు, మనం ఎంత మందు పోసినా బయటికి పోతుంది. రిసెప్టర్‌కు అడ్డుపడితే మందు లోపల నిలుస్తుంది. ఇది కణాల్లో, ఎలుకల్లో చూసిన సంగతి. మనుషుల్లో తేలాల్సి ఉంది.

అడ్డుపడే మందు ఇప్పటికే ఒకటి ఉంది, పెగ్విసోమాంట్. ఒహాయో యూనివర్సిటీలో జాన్ కాప్చిక్ బృందం చేసిన పనిలోంచి పుట్టింది. హార్మోన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మార్చి ఎలుకల్లో పెడితే అవి పెరగకపోగా పొట్టివయ్యాయి. అక్కడ మొదలై, ఆక్రోమెగాలీ (గ్రోత్ హార్మోన్ మరీ ఎక్కువయ్యే జబ్బు) రోగులకు 2003లో మందుగా అనుమతి వచ్చింది.

పెద్దనాయన అడిగిన షుగరు కూడా ఈ దారికి దూరం కాదు. ఈక్వెడార్‌లో పుట్టుకతోనే ఈ రిసెప్టర్ పనిచేయని మనుషులున్నారు, చాలా పొట్టివాళ్లు. ఏళ్ల తరబడి వాళ్లను గమనించి 2011లో ఫలితాలు అచ్చువేశారు. షుగరు ఒక్కరికీ లేదు, క్యాన్సర్ ఒకే ఒక్కరికి.

ఇక తెల్లోళ్ల జబ్బు అనే మాట. మెలనోమా మనవాళ్లలో అరుదే, ఒప్పుకుంటాను. కానీ వచ్చినప్పుడు అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వచ్చే రకమే ఎక్కువ. తెల్లవాళ్లకు ఎక్కువగా వచ్చే రకంలా దానికి ఎండతో పనిలేదు. బాబ్ మార్లేకు కాలి బొటనవేలి గోటి కింద మొదలైంది, 1981లో పోయాడు. మన దగ్గర అలాంటి నల్లమచ్చను ఆనెకాయ అనో, ముల్లు గుచ్చుకుంది అనో వదిలేస్తారు. తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో వచ్చేసరికి ముదిరిపోయి ఉంటుంది. జీవితమంతా చెనక్కాయ చేలో ఉత్త కాళ్లతో తిరిగిన పెద్దనాయన ఇది వాళ్ల జబ్బని అంత ధీమాగా ఎలా అన్నాడో!

పైగా, తెల్లవాళ్ల మెలనోమాల్లో దాదాపు సగం బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉన్నవే. వాటికి 2011లో వెమురాఫెనిబ్ అనే మందు వచ్చింది. అరికాలి రకంలో ఆ మార్పు తక్కువ, కాబట్టి ఆ మందు మనవాళ్లలో చాలామందికి పనికిరాదు. వేరే దారి వెతకాల్సిందే.

రోజూ నా చేతిలో ఉండేవి బీ16 అనే ఎలుక మెలనోమా కణాలు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తే గొట్టం అడుగున చిన్న నల్లటి ముద్ద, కాటుక చుక్కంత. పైన గులాబీ రంగు ద్రవం. వాటిని చూస్తూ ఇన్నాళ్లూ హార్మోన్ గురించే ఆలోచించాను. ఈసారి గ్రాంటు దరఖాస్తు చదువుతుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అమెరికాలో ఏటా ఇన్ని కేసులు అని ఉంది. డబ్బు వాళ్లది, తప్పులేదు. కానీ ఎవరి జబ్బు అని వాళ్లూ అడుగుతున్నారు, మర్యాదగా అడుగుతున్నారు, అంతే.

ఆ రోజే మా బాస్‌తో అరికాలి రకం కణాలు కూడా పరీక్షలో కలుపుదామన్నాను. గ్రాంటులో లేని ఖర్చు కదా, ససేమిరా అంటాడనుకున్నాను. ఆయన "ముందే అడగాల్సింది" అని అప్పటికప్పుడు ఆర్డరు పెట్టించాడు. వచ్చేనెల, కణాలను గడ్డకట్టించి దాచే మా ద్రవ నత్రజని ట్యాంకులోకి చేరతాయి. వాటి మీద గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ ఎంత ఉందో మొదట చూడాలి.