కౌజు పిట్ట వ్యాసం: రిఫరెన్సుల పని ఎంతవరకు వచ్చింది

జూన్ మొదటి వారం

కౌజు పిట్ట (ఇంగ్లిష్‌లో గ్రే ఫ్రాంకోలిన్) మీద రాస్తున్న చిన్న వ్యాసం ఒక కొలిక్కి వచ్చింది. ఇక మిగిలింది చివరి రెండు పుటలు, అంటే రిఫరెన్సులు: నేను ఉటంకించిన వ్యాసాల, పుస్తకాల జాబితా. పక్షులను చూడటం నాకు ఉద్యోగం కాదు, సెలవురోజుల వ్యసనం. అయినా శాస్త్ర పత్రికలో అచ్చు కావాలంటే విశ్వవిద్యాలయాల వారికి ఉన్న నియమాలే నాకూ వర్తిస్తాయి. అలా ఉండటమే మంచిది.

ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: వ్యాసం మధ్యలో ఉటంకించిన చోట అంకెలు వేయాలా, రచయిత పేరూ సంవత్సరమూ వేయాలా? వైద్య పత్రికల్లో అంకెల పద్ధతి ఎక్కువ. 1978లో వాంకూవర్‌లో సమావేశమైన సంపాదకుల చలవ అది, పేరు కూడా ఆ ఊరిదే. జంతుశాస్త్రంలో మాత్రం పేరు, సంవత్సరం పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది. నాకూ అదే నచ్చుతుంది. ‘అలీ, విస్లర్ 1933’ అని కనబడగానే ఇది నిజాం కాలపు హైదరాబాద్ సంస్థానం నాటి రికార్డు అని పక్షులు తెలిసినవారికి అర్థమవుతుంది. దాని బదులు ఏడో నంబరు అని ఉంటే ప్రతిసారీ చివరి పుటకు పరుగెత్తాలి.

పత్రికవారి సూచనల పత్రం చదివాను గానీ, దానికన్నా తాజా సంచిక ఎక్కువ ఉపయోగపడింది. అందులోంచి ఒక వ్యాసం, ఒక పుస్తకం, పుస్తకంలోని ఒక అధ్యాయం, ఒక వెబ్‌సైటు రిఫరెన్సులను తెల్లకాగితం మీద చుక్కలూ కామాలతో సహా దింపుకుని గోడకు అంటించాను. సందేహం వచ్చినప్పుడల్లా చూసేది దాన్నే.

జూన్ రెండో వారం

రిఫరెన్సులను దాచి, అమర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో అన్నీ ఎక్కిస్తున్నాను. ఉచితం, 2006 నుంచి ఉంది, వర్డ్‌లోనూ లిబ్రే ఆఫీస్‌లోనూ పనిచేస్తుంది. కొత్త వ్యాసాలకు కష్టమే లేదు. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) నంబరు అతికిస్తే రచయితలు, సంపుటి, పుటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి.

పాతవాటితోనే తంటా. కౌజు గురించి మన ప్రాంతంలో రాసిన పాత సమాచారం చాలావరకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో ఉంది. పక్షి శాస్త్రవేత్తలు సలీం అలీ, హ్యూ విస్లర్‌ల హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే అందులో అయిదు భాగాలుగా వచ్చింది. మూడు భాగాలు 1933లో, 36వ సంపుటిలో. మిగిలిన రెండు 1934లో, 37వ సంపుటిలో. రచయితలు వారే, శీర్షిక అదే, సంవత్సరం కూడా అదే కావడంతో 1933ఎ, 1933బి, 1933సి అని విడదీయాలి. ఈ అక్షరాలను జొటెరోయే వేస్తుంది, శీర్షికల అక్షర క్రమాన్ని బట్టి. రోమన్ అంకెల్లో ఒకటి, రెండు, మూడు ఆ క్రమంలో సరిగ్గానే వస్తాయి కాబట్టి ఇక్కడ గొడవ లేదు. అదే అయిదు, తొమ్మిది భాగాలు ఒకే ఏడాదిలో వచ్చి ఉంటే తొమ్మిది ముందుకు వచ్చేస్తుంది. అక్షరాలను చేత్తో టైపు చేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. రేపు ఒక భాగాన్ని తీసేస్తే వ్యాసమంతటా అవి మారాలి.

ఈ అయిదింటినీ ఒకే రిఫరెన్సుగా ‘1933–34’ అని వేసేసినవారు చాలామంది ఉన్నారు. అది నాకు రుచించదు. ఆ కాలంలో పక్షులను పేర్కొనే వరుస కాకులతో మొదలవుతుంది. కౌజు కోసం వెతికేవాళ్లు చివరి భాగాల దాకా వెళ్లాలి. ఏ భాగమో, ఏ పుటో చెప్పకపోతే వాళ్లకు ఒక పూట వృథా.

పాత సంచికల స్కాన్లు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఏది ఎక్కడ వచ్చిందో వెతకడానికి ఆశీష్ పిట్టీ కూర్చిన దక్షిణాసియా పక్షి గ్రంథసూచిక ఉంది. వ్యాసం పేరు, సంపుటి అక్కడ చూసినా, మొదటి పుటను, చివరి పుటను స్కాన్ తెరిచి కళ్లతో చూశాకే టిక్కు పెడుతున్నాను. ఇంకొకరి జాబితా నుంచి ఎత్తి రాసిన రిఫరెన్సు ఎంగిలి కూడు లాంటిదని నా పట్టుదల.

సలీం అలీ, రిప్లీలు భారత, పాకిస్తాన్ పక్షుల మీద రాసిన హ్యాండ్‌బుక్ సంగతి వేరు. కౌజు ఉన్న రెండో సంపుటి మొదట 1969లో వచ్చింది, రెండో కూర్పు 1980లో. పది సంపుటాలూ ఒకే బౌండుగా 1983లో వచ్చాయి. నా దగ్గరున్నది 1983ది. నేను చదివింది అది కాబట్టి వేసేదీ అదే.

జూన్ మూడో వారం

ఈ వారమంతా పేర్లతోనే సరిపోయింది. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర వస్తుంది, మనవాళ్లకు ముందు వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ చివరి ముక్కనే ఇంటిపేరు అనుకుంటుంది. తెలుగు రచయితల విషయంలో నేను పాటిస్తున్న సూత్రం: ఆ రచయిత తన పేరు పాత వ్యాసాల్లో ఎలా వేసుకున్నారో అలాగే వేయాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు ‘శ్రీనివాసులు, సి.’ అని వేసుకుంటారు, కనుక అదే సరి. ఆయనా, భార్గవీ శ్రీనివాసులూ కలిసి రాసిన క్షీరదాల పుస్తకాన్ని ఉటంకిస్తే ‘శ్రీనివాసులు, శ్రీనివాసులు 2012’ అని వస్తుంది. అచ్చుతప్పు అనుకుని ఒకదాన్ని కొట్టేయకూడదు! రిప్లీ దగ్గర తిరకాసు ఇంకోలా ఉంది. ఆయన పూర్తి పేరు సిడ్నీ డిల్లన్ రిప్లీ, అందులో డిల్లన్ ఇంటిపేరులో భాగం కాదు. ‘రిప్లీ, ఎస్. డి.’ అని ఉండాలి.

తర్వాత ఇంగ్లిష్ పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు. ఈ పత్రికకు శీర్షికలో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది కావాలి. జొటెరోలో శీర్షికపై కుడి బటన్ నొక్కితే మార్చే వీలుంది. మార్చాక ఊరి పేర్లు, మనుషుల పేర్లు మళ్లీ చూసుకోవాలి. శాస్త్రీయ నామం వాలు అక్షరాల్లో రావాలంటే శీర్షికలోనే దానికి ముందూ వెనకా కోణపు బ్రాకెట్లలో ఐ అక్షరపు గుర్తులు పెడితే చాలు.

కౌజు ప్రజాతి (జీనస్) పేరు ఇటీవల మారింది. ఫ్రాంకోలినస్ కాస్తా ఆర్టిగోర్నిస్ అయింది. నా వాక్యాల్లో కొత్త పేరే వాడతాను. రిఫరెన్సు శీర్షికలో పాత పేరుంటే మాత్రం దాన్ని ముట్టుకోను, అక్కడ సవరించే హక్కు నాకు లేదు. పేరు వెనక బ్రాకెట్లలో వచ్చే ‘గ్మెలిన్, 1789’ ఉటంకింపు కాదు. గ్మెలిన్ అనే శాస్త్రవేత్త ఈ పక్షిని మొదట వేరే ప్రజాతిలో పెట్టి వర్ణించాడని ఆ బ్రాకెట్లకు అర్థం. పత్రిక ప్రత్యేకంగా అడిగితే తప్ప జాబితాలో గ్మెలిన్‌కు చోటు లేదు.

జూన్ చివర

పుటల అంకెల మధ్య మామూలు హైఫన్లు తీసి పొడుగు గీతలు పెట్టాను. డీఓఐలను నమోదు చేసే క్రాస్‌రెఫ్‌వారి వెతుకులాట పేజీలో జాబితా మొత్తం అతికిస్తే ఉన్న డీఓఐలన్నీ ఒక్కసారే వచ్చాయి. ప్రతి లింకునూ నొక్కి చూశాను. వ్యాసంలో ఉన్న ప్రతి పేరూ జాబితాలో ఉందా, జాబితాలోని ప్రతిదీ వ్యాసంలో ఉందా అని ఎర్ర పెన్నుతో కాగితం మీదే సరిచూశాను, తెర మీద కళ్లు జారిపోతాయి. పంపే ప్రతికి జొటెరో లంకెలు తెంపాలి. తెంపితే మళ్లీ అతుక్కోవు, కాబట్టి లంకెలున్న ప్రతిని వేరే పేరుతో దాచాను.

ఒక్కటి మిగిలింది. 1972 వన్యప్రాణి చట్టం రాకముందు దీపం కౌజుతో (ఎరగా పెట్టే పెంపుడు కౌజుతో) అడవి కౌజులను పట్టిన ఒక పెద్దాయన చెప్పిన వివరం వ్యాసంలో ఉంది. నోటి మాట జాబితాలోకి ఎక్కదు. వ్యాసంలోనే ఆయన పేరు, మాట్లాడిన తేదీ వేయాలి, దానికి ఆయన అనుమతి కావాలి. ఆదివారం వెళ్లి అడుగుతాను. వద్దంటే ఆ వాక్యం తీసేసి, సోమవారం పంపేస్తాను.