పెద్ద ఈగలు లేని తేనెపెట్టె

నా తేనెపెట్టెల్లో ఒకటి అద్దాలది. తేనెపట్టు కట్టే ఫ్రేము ఒక్కటే పడుతుంది, రెండువైపులా గాజు. పొద్దుతిరుగుడు పూసే రోజుల్లో దాని ముందు కూర్చుంటే ఇక లేవబుద్ధి కాదు. పూలు చూసొచ్చిన ఈగ పట్టు మీద పొట్ట ఊపుకుంటూ తిన్నగా కొంత నడుస్తుంది, గిర్రున తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి మళ్ళీ అదే నడక. నాలుగైదు ఈగలు మీసాలు ఆనించి దాని వెంటే తిరుగుతుంటాయి. నిట్టనిలువు నుంచి అది ఎంత పక్కకి వాలి నడిస్తే, పూలు సూర్యుడికి అంత పక్కగా ఉన్నట్టు. ఊపు ఎంతసేపు సాగితే చేను అంత దూరం. శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ తెచ్చిన నాట్యం ఇదే.

ఇదంతా పుట్టుకతోనే వస్తుందనుకునేవాణ్ణి. చైనాలోని యునాన్‌లో కెన్ టాన్, అమెరికాలోని శాన్ డియెగో నుంచి జేమ్స్ నీ అనే శాస్త్రవేత్తలు కలిసి చేసిన ప్రయోగం 2023లో వచ్చింది. మనం పెంచే ఇటాలియన్ ఈగ జాతే. కొన్ని పెట్టెల్లో అప్పుడే పట్టు గదుల్లోంచి బయటికొచ్చిన పిల్ల ఈగల్నే పెట్టారు, పెద్దది ఒక్కటీ లేకుండా. ఈడొచ్చాక అవీ మేతకెళ్ళాయి, తిరిగొచ్చి ఆడాయి. కానీ ఆట గజిబిజి. దిక్కూ తప్పే, దూరమూ తప్పే. ఆడగా ఆడగా దిక్కు కుదురుకుంది. దూరం మాత్రం చచ్చేదాకా కుదరలేదు! పెద్దల వెంట తిరిగి చూసిన ఈగలకి ఈ అవస్థ లేదు.

చదివినప్పటి నుంచి నా మనసు పురుగుమందుల మీదికే పోతోంది. పూత మీద పొద్దున్నే మందు కొడితే చచ్చేవి బయట తిరిగే ఈగలే, అంటే వయసు మళ్ళినవే. పెట్టె తెరిస్తే పిల్లలు నిండుగా కనిపిస్తాయి కాబట్టి నష్టం తక్కువే అనిపిస్తుంది. నా లెక్కలో అది చిన్న నష్టం కాదు. ఆ పిల్లలకి దారి చూపించేవే పోయాయి. అందుకే చుట్టుపక్కల రైతులందర్నీ బతిమాలుతున్నాను: కొట్టక తప్పకపోతే ఈగలు గూడు చేరాక, సాయంత్రం కొట్టండి.

పెట్టెలు విడగొట్టే పద్ధతి, అంటే ఒక పెట్టెలోని ఈగల్ని రెండు పెట్టెల్లోకి పంచే పద్ధతి కూడా మారుస్తున్నాను. విడగొట్టిన పెట్టెని అదే తోటలో ఉంచితే మేతకెళ్ళే ఈగలు పాత గుమ్మానికే వెళ్ళిపోతాయి, కొత్త పెట్టెలో లేత ఈగలే మిగులుతాయి. ఈసారి విడగొట్టిన వాటిలో సగం పెట్టెల్ని రాత్రికి రాత్రే మా బావగారి మామిడితోటకి తరలిస్తాను, ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. అంత దూరమైతే పెద్దవి వెనక్కి రావు. మిగతా సగం ఇక్కడే. తేనె తీసేటప్పుడు రెండింటినీ విడివిడిగా తూకం వేసి ఇక్కడే రాస్తాను. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా దూరం తరలిస్తుంటే, మొదటి రెండు వారాల్లో మేత ఎలా వచ్చిందో చెప్పండి.