ఏజెంటు చెప్పని రాజమల, నేను అడగని మెట్లు

మా పెళ్లి 2000 మాఘమాసంలో జరిగింది. పాతికేళ్లు నిండుతున్నాయి, అందరం కలిసి ఎక్కడికైనా వెళ్లి వద్దామని 2024 దసరాల్లో మాట అనుకున్నాం. అత్తయ్య గారు వెంటనే కాశీ అన్నారు. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, 2025 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 26 వరకు, ప్రయాగలో మహా కుంభమేళా. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఆ జనంలోకి తీసుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. కాశీ ఇంకోసారి అని ఆవిడను ఒప్పించి, కేరళ ఖాయం చేశాం. అత్తయ్య గారు, మామయ్య గారు, మేమిద్దరం, బెంగళూరు నుంచి వచ్చి కలిసే మా అబ్బాయి, డిగ్రీ చదువుతున్న అమ్మాయి. మొత్తం ఆరుగురం.

"ఇవన్నీ మనం పెట్టుకుంటే తెమలవు, ఏజెంటుకు అప్పజెప్పేద్దాం" అన్నారు మా వారు. ఆయన స్నేహితుడు చెప్పిన ట్రావెల్స్ మా విజయవాడ గవర్నరుపేటలో ఉంది. ఒక శనివారం సాయంత్రం వెళ్లాం. మనిషి మర్యాదస్తుడే. టీ తెప్పించాడు, మామయ్య గారి వయసు అడిగాడు, అయిదు రాత్రుల ప్యాకేజీ అని రెండు పేజీల కాగితం తీసిచ్చాడు. ఎర్నాకులంలో ఒక రాత్రి, మున్నార్‌లో రెండు, తేక్కడిలో ఒకటి, అలప్పుళ హౌస్‌బోట్‌లో ఒకటి. పై పేజీ మీద కొండలన్నీ ఊదారంగు పూలతో నిండిన బొమ్మ. ఆరుగురికి 1,12,000 రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్‌టీ 5,600. రైలు టికెట్లు విడిగా.

నేను ఒక ఆడిటరు దగ్గర లెక్కలు రాస్తాను. గుండుగుత్తగా ఒక్క అంకె చూపిస్తే నాకు నిద్ర పట్టదు. గదులకెంత, కారుకెంత, పడవకెంత అని అడిగాను. "ప్యాకేజీ అంటే ప్యాకేజీయే మేడమ్, విడగొట్టి చెప్పడం కుదరదు" అని నవ్వాడు. హోటళ్ల పేర్లూ లేవు. "త్రీస్టార్ లేదా దానికి సమానమైనది" అని ఉంది. ఆ "సమానమైనది" అన్న మాట దగ్గరే నా పెన్ను ఆగిపోయింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆ బొమ్మ చూసి, అవి నీలకురింజి పూలమ్మా, పన్నెండేళ్లకొకసారి పూస్తాయి, 2018లో పూశాయి అంది. అంటే మళ్లీ 2030లో. సరే, బొమ్మే కదా అని ఊరుకున్నాం. రెండో పేజీలో మున్నార్ రెండో రోజు కింద "రాజమల, ఇరవికుళం నేషనల్ పార్కు" అని ఉంది. మామయ్య గారు అక్కడి కొండమేకలను చూడాలని ఉబలాటపడుతున్నారు. గదుల అద్దెలు కనుక్కుందామని మున్నార్‌లో ఒక హోటలుకు ఫోను చేసినప్పుడు, రాజమల ఎంత దూరమని మా అమ్మాయి తనకు వచ్చిన కాస్త తమిళంలో అడిగింది. అవతలి అతను నవ్వాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొండమేకలు పిల్లలు పెట్టే కాలం కాబట్టి ఏటా పార్కు మూసేస్తారట.

ఏజెంటును అడిగితే, "అలా ఏం ఉండదు మేడమ్, ప్రతి ప్యాకేజీలో ఉండేదే కదా" అన్నాడు. అతను మోసం చేస్తున్నాడని నాకు అనిపించలేదు. కేరళ ఎప్పుడూ వెళ్లలేదంతే. కొచ్చిలో ఎవరో పంపిన కాగితానికి తన వాటా కలిపి మన చేతిలో పెడుతున్నాడు. ఆ వాటా తీసుకోవడంలో తప్పేమీ లేదు, ఎవరి బతుకుతెరువు వాళ్లది. కాకపోతే ఆ డబ్బుకు బదులుగా అతనికి తెలిసినది కొంత నాకు అందాలి కదా. మొదటి ఫోనుకే నాకు తెలిసిన సంగతి అతనికి తెలియలేదు.

రైలు దగ్గర అసలు తేడా వచ్చింది. "మా దగ్గర పర్సనల్ ఐడీలు చాలా ఉన్నాయి, కన్ఫర్మ్ చేయించే పూచీ నాది" అన్నాడు. ఐఆర్‌సీటీసీ అనుమతి ఉన్న ఏజెంట్లకు బుకింగ్ తెరిచిన మొదటి కొన్ని నిమిషాలు టికెట్లు తీసే వీలుండదు. దాన్ని దాటుకోవడానికే ఈ పర్సనల్ ఐడీలు, అంటే మామూలు మనుషుల పేర్ల మీది ఖాతాలు. అలా తీసి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. పట్టుబడితే టికెట్లూ రద్దవుతాయి. డెబ్బై దాటిన ఇద్దరిని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టుకుని ఆ కబురు వినే ఓపిక నాకు లేదు. ఆ రాత్రే మా వారితో చెప్పాను, నేనే చూస్తానని. ఆయన కాసేపు ఫ్యాన్ వంక చూసి, "తర్వాత నన్ను అనకు" అన్నారు.

మొదటి పొరపాటు నాదే. నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. అది తెలుసు. మా ప్రయాణం ఫిబ్రవరి 12. కాబట్టి డిసెంబరు 14 ఉదయం 8 గంటలకని క్యాలెండరులో సున్నా చుట్టుకున్నాను. ఏడున్నరకే స్నానం చేసి, ఆరుగురి పేర్లూ ముందే ఎక్కించి, ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది కొట్టగానే తెరిస్తే కేరళ ఎక్స్‌ప్రెస్‌లో అప్పటికే వెయిటింగ్. అదీ పీక్యూడబ్ల్యూఎల్. మామూలు వెయిటింగ్ కన్నా ఖరారయ్యే ఆశ తక్కువ ఉండే రకం.

అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ అరవై రోజుల లెక్క బండి మొదట బయల్దేరే స్టేషను నుంచి. ఢిల్లీలో ముందురోజు బయల్దేరిన బండి మనకు మరునాడు వస్తుంది. అంటే విజయవాడ నుంచి 12వ తేదీ టికెట్లు అంతకు ముందురోజే తెరుచుకున్నాయి. నేను సున్నా చుట్టింది ఒక రోజు ఆలస్యపు గడి మీద. అయితే అదే లెక్కన, ఆ ఉదయం తెరుచుకున్నది 13వ తేదీ బండి! మా వారిని అడగలేదు, అబ్బాయికి ఫోను చేయలేదు. ప్రయాణం ఒక రోజు ఆలస్యంగా పెట్టుకుని, ఎనిమిదీ పన్నెండుకు థర్డ్ ఏసీలో టికెట్లు తీసేశాను.

ఆరుగురికీ ఒకే టికెట్ వస్తుంది కానీ నేను రెండు తీశాను. కింది బెర్తుల కోటా 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు. ఆ కోటాలో టికెట్‌కు ఇద్దరే, ఇద్దరూ ఆ వయసు వాళ్లే అయి ఉండాలి. పెద్దవాళ్లిద్దరికీ విడిగా తీస్తే కింది బెర్తులు వచ్చాయి. మేము పక్క పెట్టెలో పడ్డాం. మామయ్య గారికి బెర్తు కన్నా రాయితీ మీదే దిగులు. అది 2020 మార్చిలోనే తీసేశారని నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి రైల్లో టీటీఈని అడిగారు.

రైలు అయ్యాక మూడు వారాల పాటు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఫోన్లే. యాప్‌లో కనబడేది ధర, ఫోటో. ఫోనులో దొరికేది సంగతి. కారు ఇన్నోవా, అయిదు రోజులకు 21,000. డ్రైవరు బత్తా, టోల్, పార్కింగ్ కలిపేనా, రోజుకు కిలోమీటర్ల పరిమితి ఉందా, రాత్రి అతను ఎక్కడ పడుకుంటాడు అని అడిగితే మొదటి ఇద్దరు తడబడ్డారు. మూడో అతను గబగబా చెప్పాడు. అతన్నే ఖాయం చేశాం.

హౌస్‌బోట్ సంగతి అంతకన్నా వింత. మూడు గదుల పడవ 18,000 నుంచి 40,000 దాకా చెప్పారు. అందరూ "ఏసీ పడవ" అనే అన్నారు. పగలు ఏసీ వేస్తారా అని అడగాలని నాకు తట్టలేదు. ఒక పడవ యజమానే చెప్పాడు: డీలక్స్ రకంలో పడకగదుల్లో ఏసీ రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకే, రోజంతా కావాలంటే ప్రీమియం తీసుకోవాలి. ఇంకోటి, మధ్యాహ్నం 12కు ఎక్కిస్తారు, సాయంత్రం అయిదున్నరకల్లా ఒడ్డున కట్టేస్తారు. ఆ తర్వాత జాలర్లు వలలు వేసుకునే వేళ. మన ఏజెంటు కాగితంలో "రాత్రంతా నౌకావిహారం" అని ఉంది. 25,000కు ప్రీమియం పడవ మాట్లాడుకున్నాం.

ఎర్నాకులం గదులు 7,500, మున్నార్ 19,200, తేక్కడి 8,400. కారు, పడవ కలిపితే మొత్తం 81,100. ఏజెంటు లెక్కతో పోలిస్తే 36,500 మిగులు. ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించాను. గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు.

రైల్లోకి పులిహోర, కందిపొడి, గోంగూర. మరునాడు ఎర్నాకులంలో దిగి పడుకుని, పొద్దున్నే 130 కిలోమీటర్లు కొండ ఎక్కాం. దారిలో ఆగుతూ వెళ్లేసరికి మున్నార్‌లో చీకటి పడుతోంది. హోటలు బోర్డు రోడ్డు పక్కనే ఉంది, హోటలు లేదు. అది కింద, లోయలోకి. ఫోటోల్లో బాల్కనీ చూసి మురిసిపోయానే కానీ, ముందు అంత టీ తోట పరుచుకుని కనబడాలంటే ఆ గది వాలుకు వేలాడుతూ ఉండాలని ఆలోచించలేదు. లిఫ్టు లేదు. తడిసిన రాతి మెట్లు, ఒక పక్కనే పట్టుకునే కమ్మీ. అత్తయ్య గారు ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగుతున్నారు. హోటలు కుర్రాడు ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ ఆవిడ వెనకే వస్తున్నాడు. ముప్పైయ్యో మెట్టు దగ్గర అది వేసి కూర్చోబెట్టాం. చలికి వణుకుతూ, కొంగు తల మీదికి లాక్కుని, "ఇంకా ఎన్నమ్మా?" అన్నారు. మా అమ్మాయి కిందిదాకా వెళ్లి లెక్కపెట్టుకుని వచ్చింది. మొత్తం 64.

మా వారు ఒక్క మాట అనలేదు. ఏజెంటు కుదిర్చిన హోటలయితే అక్కడి నుంచే ఫోను చేసి పావుగంట కేకలు వేసేవారు, మనసు తేలికపడేది. ఇప్పుడు ఆ ఫోను ఎవరికి చేయాలి? కేకలు తినవలసిన మనిషి సూట్‌కేసు పట్టుకుని పక్కనే నిలబడింది.

డబ్బు వెనక్కి రాదు. గదికి రోజుకు 300 తక్కువని, రద్దు చేసుకునే వీలు లేని ధర నేనే ఎంచుకున్నాను. మూడు గదులు, రెండు రోజులు, 1,800 మిగిల్చాననుకున్నాను. డ్రైవరు మా మొహాలు చూసి, అతనికి తెలిసిన చోట, రోడ్డు మట్టానికే ఉన్న హోటల్లో పెద్దవాళ్లకు ఒక గది ఇప్పించాడు. రెండు రాత్రులకు 6,800. ఫ్రిజ్ మీది 36,500 కాస్తా 29,700 అయింది. ఏజెంటయితే ముందే చెప్పేవాడా అంటే ఏమో. అతని కాగితంలో హోటలు పేరే లేదుగా.

మిగతా రోజులు హాయిగా గడిచాయి. ఆదివారం టీ మ్యూజియం చూశాం (సోమవారం సెలవు), మాట్టుపెట్టి డ్యాం దగ్గర మామయ్య గారు కొండమేకలు లేని లోటు గుర్రాలతో తీర్చుకున్నారు. పడవలో వంటవాడు లావుపాటి ఎర్ర బియ్యం అన్నం, కరిమీన్ చేప వేపుడు వడ్డించాడు. మామయ్య గారు ఒక మెతుకును వేళ్ల మధ్య నలిపి, "ఇది ఉడికిందంటావా?" అని నన్నడిగి, గోంగూర సీసా తెప్పించుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి వేంబనాడ్ సరస్సు మీద ఎండ మండిపోతుంటే గదిలో ఏసీ గుర్రుమంటూ పనిచేస్తోంది. ఆ చప్పుడు విని నేను పొందిన ఆనందం పాతికేళ్ల పెళ్లిరోజుకు కూడా పొందలేదేమో. మా వారికి చెప్పకండి.

ఇంటికొచ్చాక ఎదురింటావిడతో అత్తయ్య గారు చెబుతుండగా వంటింట్లోంచి విన్నాను. "రైలు దగ్గర్నుంచి పడవ దాకా మా కోడలే చూసుకుందమ్మా. మెట్లొక్కటే లెక్కపెట్టలేదు."

ఇప్పుడు కాశీ సంగతి మళ్లీ మొదలైంది. మా వారు గవర్నరుపేట ఊసెత్తడం లేదు. మొన్న రాత్రి నేను క్యాలెండరు ముందేసుకుని రోజులు వెనక్కి లెక్కపెడుతుంటే, అత్తయ్య గారు మజ్జిగ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు.

"అన్నట్టు అమ్మాయీ, ఆ ఘాట్లకు ఎన్నేసి మెట్లుంటాయో కనుక్కున్నావా?"